60 లీటర్ల రీఫ్ ట్యాంకులో ఏ పీత పెట్టాలి? బుడగ నాచు వదలడం లేదు

కూకట్‌పల్లి_క్యూబ్:
అందరికీ నమస్కారం. నాది పగడాలు పెంచే ఉప్పునీటి (రీఫ్) ట్యాంకు, రెండడుగులది, 24 x 12 x 14 అంగుళాలు, రాళ్ళూ ఇసుకా పోగా నీళ్ళు 50 లీటర్లకి కాస్త అటూ ఇటూ ఉంటాయి. పెట్టి తొమ్మిది నెలలైంది. ఒసెలారిస్ క్లౌన్ చేపల జంట, ఒక పసుపు క్లౌన్ గోబీ చేప, నాలుగు రంగుల జోవాస్ (పూలగుత్తుల్లా ఉండే కోరల్స్), గ్రీన్ స్టార్ పాలిప్స్ అనే ఇంకో కోరల్, పిడికెడంత లెదర్ కోరల్ (మెత్తటి పగడం) ఉన్నాయి. ఉప్పు 1.025 (సాంద్రత లెక్కలో), వేడి 26 డిగ్రీలు, నైట్రేట్ (నీళ్ళలో పేరుకునే వ్యర్థం) 15 దగ్గర తిరుగుతోంది.

రెండు నెలల కింద వెనక రాయి మీద శనగగింజంత ఆకుపచ్చ బుడగ ఒకటి కనపడింది, మెరుస్తూ బాగుందని వదిలేశాను. ఇప్పుడు ద్రాక్షగుత్తుల్లా ఆ రాయంతా పట్టేసింది, జోవాస్ మధ్యలోకి కూడా దిగుతోంది. షాపులో అడిగితే ఎమరాల్డ్ పీతలు రెండు, గుల్లలో బతికే హెర్మిట్ పీతలు పది, సాలీ లైట్‌ఫుట్ పీత ఒకటి వేసేయండి, నెలలో శుభ్రం అన్నారు. మా పాపకి ఏడేళ్ళు, తను మాత్రం పామ్ పామ్ పీతే కావాలంటోంది. డబ్బుల సంగతి తర్వాత, ఏదో ఒకటి వేసి ఉన్న కోరల్స్ పోగొట్టుకుంటానేమోనని టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

ఉప్పునీళ్ళు:
ముందు ఆ లిస్టు పక్కన పెట్టండి బ్రో. 50 లీటర్లలో పదమూడు పీతలంటే వాటికి తిండెక్కడిది? పీతల గురించి ఎవరు అడిగినా నేను ముందు చెప్పే మాట ఇదే, ఉన్న నాచు తింటుందా లేదా అన్నది కాదు, ఆ నాచు అయిపోయాక ఏం తింటుంది అన్నది చూడాలి. పీతల్లో శుద్ధ శాకాహారి అంటూ దాదాపు ఉండదు. కడుపు నిండితే మర్యాదగా ఉంటుంది, ఆకలేస్తే నత్త, జోవా పాలిప్, నిద్రపోతున్న చిన్న చేప, ఏది అందితే అది. పెద్ద ట్యాంకులో రాళ్ళు ఎక్కువ, ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది. చిన్న ట్యాంకులో అంతా మూరెడు దూరంలోనే, ఆకలేసిన పీతకి మీ కోరల్ ఎప్పుడూ ఎదురుగానే ఉంటుంది.

సాలీ లైట్‌ఫుట్ అయితే అసలు వద్దు. చిన్నప్పుడు బొద్దింకలా చదునుగా, చురుగ్గా నాచు గీక్కుంటూ తిరుగుతుంది, చూడ్డానికి ముచ్చటేస్తుంది. పెరిగాక కాళ్ళతో కలిపి అరచేయంత అవుతుంది, రాత్రుళ్ళు రాతి సందుల్లో పడుకునే గోబీ లాంటి వాటిని పట్టేస్తుంది. నా నాలుగడుగుల ట్యాంకులోనే ఒక ఫైర్‌ఫిష్‌ని ఇలా పోగొట్టుకున్నాను. మీ దాంట్లో పసుపు గోబీ ఉందన్నారు కాబట్టి మరీ గట్టిగా చెప్తున్నాను.

డాలస్_ట్యాంక్:
ఎమరాల్డ్ గురించి నేను చెప్తా, మూడు పెంచాను. ఇది కరీబియన్ వైపు జాతి, మిథ్రాక్యులస్ స్కల్ప్టస్. బుడగ నాచు తినడంలో దీనికి మించింది నేను చూడలేదు. డెక్కలు చూడండి, కొసలు గరిటెల్లా గుంటగా ఉంటాయి, రాతి మీద నాచు గీకి నోట్లో పెట్టుకోడానికి సరిగ్గా సరిపోయేవి. ఒక రాత్రి టార్చి వేసి చూశాను, ఒక బుడగని రెండు డెక్కలతో పట్టుకుని మెల్లిగా నొక్కింది, అది చిట్లగానే పొరని చింపి ముక్కముక్కగా తినేసింది. ఆరు వారాల్లో ఒక్క బుడగ మిగల్లేదు.

ఏడో వారం జోవాస్ మూసుకోవడం మొదలైంది. రోజూ పొద్దున్నే రెండు మూడు తలలు తెగి ఉండేవి. తర్వాత నోరి (ఎండు సముద్రపు నాచు) షీటు చిన్న ముక్క రాయికి రబ్బరు బ్యాండుతో కట్టి వారానికి రెండు మూడుసార్లు పెట్టడం మొదలుపెట్టాను, తగ్గింది కానీ పూర్తిగా మానలేదు. అందరి ఎమరాల్డూ ఇలా చేయదు, నా రెండోది మూడేళ్ళు ఏ గొడవా లేకుండా ఉంది. ఏది ఎలా ఉంటుందో కొనేటప్పుడు తెలియదు, అదీ ఇబ్బంది. వేస్తే ఒక్కటే వేయండి, రెండు వేస్తే ఆ కొంచెం జాగాకే కొట్టుకుంటాయి.

ఇంకోటి, షాపులో ఆకుపచ్చగా కనపడేదల్లా ఎమరాల్డ్ కాదు. ఒళ్ళు చదునుగా నున్నగా మెరుస్తూ ఉండాలి, కాళ్ళకి మాత్రమే నూగు ఉండాలి, డెక్కల కొసలు తెల్లగా గరిటెలా ఉండాలి. కొసలు నల్లగా సూదిగా ఉంటే ఏ పేరు చెప్పి అమ్మినా తేవొద్దు.

విశాఖ_కెరటం:
నాదో డౌట్ అన్నా. మా రుషికొండ దగ్గర రాళ్ళ గుంటల్లో ఆటు పోయినప్పుడు హెర్మిట్లు బోలెడు కనపడతాయి, డబ్బులు పెట్టి కొనడం ఎందుకు, నాలుగు ఏరుకొచ్చి వేయొచ్చు కదా? మా ఇంట్లో వీటిని సన్యాసి పీతలంటారు, చిన్నప్పటి నుంచీ ఆడుకున్నవే.

భీమిలి_గాలి:
తమ్ముడూ, అవి ఒడ్డున ఉండే జాతులు. రోజుకి రెండుసార్లు నీళ్ళు వచ్చిపోయే చోట బతికేవి, ఎండా వానా అన్నీ తట్టుకుంటాయి, అందుకే గట్టివి. ఆ గట్టితనమే రీఫ్ ట్యాంకులో ఇబ్బంది. నేను తెచ్చాను, దాచకుండా చెప్తున్నా. గోరంత ఉన్నవి ఏడాదిలో నిమ్మకాయంత అయ్యాయి, అతికించిన కోరల్ ముక్కల్ని బుల్డోజర్లా తోసేశాయి, ఉన్న నత్తలన్నిటినీ తినేశాయి. పైగా వాటితో పాటు ఏ పురుగు వస్తుందో తెలియదు.

బీచ్‌లో రంగులేసిన గుల్లలతో అమ్మే హెర్మిట్లు ఇంకో రకం, నేల మీద బతికేవి. వాటిని తెచ్చి ట్యాంకులో వేస్తే నీళ్ళలో ఊపిరాడక చచ్చిపోతాయి. పిల్లలు తెలియక అలా చేస్తుంటారు, చూస్తే బాధేస్తుంది.

అలాగే ఒడ్డున, సముద్రంలో దొరికే పగడపు రాయి ఎవరూ తేవొద్దు. 1972 వన్యప్రాణి చట్టంలోని మొదటి షెడ్యూల్లోకి రాతి పగడాలన్నిటినీ 2001లో చేర్చారు. రామేశ్వరం వైపు నుంచి వచ్చే లైవ్ రాక్ అంటూ ఎవరైనా అమ్మజూపితే అది పగడమే, తీసుకోకండి. గుల్లల్లో కూడా కొన్ని జాతులకి రక్షణ ఉంది, హెర్మిట్లకి గుల్లలు కావాలంటే వంటకి వాడిన నత్తలవో, ట్యాంకులో చచ్చిన టర్బో నత్తలవో దాచుకుని వాడుకోవడం మంచిది.

విశాఖ_కెరటం:
అర్థమైంది అన్నా, ఏరను. థాంక్స్.

పగడాల_పెరడు:
క్యూబ్ గారూ, అందరూ ఎమరాల్డ్, హెర్మిట్ అంటున్నారు కానీ మీ సైజు ట్యాంకుకి నా ఓటు పోర్సిలిన్ పీతకి. నియోపెట్రోలిస్తిస్ మాక్యులేటస్, తెల్లటి ఒంటి మీద ఎర్రచుక్కలు, మొత్తం అంగుళం. ఇది నాచు తినదు, ముందే చెప్తున్నా, మీ బుడగల సమస్య దీనితో తీరదు. కానీ కోరల్స్‌ని ముట్టదు, చేపల్ని ముట్టదు, నత్తల్ని ముట్టదు. నోటి దగ్గర రెండు విసనకర్రలు ఉంటాయి, సన్నటి కుచ్చుల్లాంటివి. నీటి వాలుకి ఎదురుగా కూర్చుని ఒకటి చాపుతుంది, అది మూసి నోటికి తెచ్చుకునేలోపు రెండోది చాపుతుంది. కుడి, ఎడమ, కుడి, ఎడమ. మా అమ్మ మొదటిసారి చూసి దేవుడికి వింజామర వీస్తున్నట్టుందే అంది. నేను రోజూ ఆఫీసు నుంచి వచ్చి లైట్లు ఆరేదాకా దాని ముందే కూర్చుంటాను.

ఇది అసలు పీతల కుటుంబం కాదు, హెర్మిట్లకి దగ్గరి బంధువు. పక్క నుంచి కాళ్ళు లెక్కపెట్టి చూడండి, మామూలు పీతకి డెక్కలు కాకుండా నాలుగు జతలు కనపడితే దీనికి మూడే కనపడతాయి, నాలుగోది చిన్నదై లోపలికి ముడుచుకుని ఉంటుంది. రాళ్ళతో పాటు వచ్చిన తెలియని పీత మంచిదా చెడ్డదా తేల్చుకోడానికి ఈ లెక్క నాకు చాలాసార్లు పనికొచ్చింది.

దీని డెక్కలు పెద్దగా కనపడతాయి కానీ భయపెట్టడానికే. ఎవరైనా పట్టుకుంటే డెక్క వదిలేసి పారిపోతుంది, మళ్ళీ ఒకటి రెండుసార్లు డొప్ప మార్చుకున్నాక మొలుస్తుంది. అందుకని వలతో పట్టొద్దు, గిన్నెలోకి తోలండి. సముద్రంలో ఇది అనిమోన్ (కుట్టే మీసాలున్న సముద్రజీవి) మీద ఉంటుంది, దీని కోసమని మీరు 50 లీటర్లలో అనిమోన్ మాత్రం పెట్టకండి, అది నడిచి కోరల్స్‌ని కాల్చేస్తుంది. మీ లెదర్ కిందో, నీళ్ళు బాగా తిరిగే రాతి అంచునో స్థిరపడుతుంది. మీ క్లౌన్ జంట లెదర్‌లో కాపురం పెట్టి ఉంటే మాత్రం దీన్ని తరుముతాయి, అది చూసుకోవాలి.

ఉప్పునీళ్ళు:
అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతా, తిండి. పోర్సిలిన్ పీత ఆకలితో చచ్చేది బాగా శుభ్రంగా ఉంచిన ట్యాంకుల్లోనే. సన్నటి పొడి ఫుడ్డో, ఫైటోప్లాంక్టనో (కంటికి కనపడని నాచు), అప్పుడే పొదిగిన ఆర్టీమియానో (చిన్న రొయ్యలాంటి పురుగు) వారానికి మూడు నాలుగుసార్లు వేయాలి. వేసేటప్పుడు మురికిని నురగగా తీసే స్కిమ్మర్, ఫిల్టర్ పావుగంట ఆపండి, నీళ్ళు తిప్పే వేవ్‌మేకర్ మాత్రం నడవనివ్వండి, నీళ్ళు కదలకపోతే దానికేమీ అందదు. నైట్రేట్ 15 అన్నారు కాబట్టి చుక్కలు లెక్కపెట్టి వేయండి, ఎక్కువైతే బుడగలే బలుస్తాయి.

కూకట్‌పల్లి_క్యూబ్:
చాలా థాంక్స్ అందరికీ. మా క్లౌన్లు లెదర్ జోలికి పోవు, వేవ్‌మేకర్ కింద మూల వాటిది. చెప్పడం మర్చిపోయాను, నాలుగు టర్బో నత్తలు వేశాను, మూడు పోయాయి. గుల్లలు ఖాళీగా, కడిగినట్టు శుభ్రంగా ఉన్నాయి. జోవాస్ కూడా ఒక పక్క పది రోజులుగా సరిగ్గా తెరుచుకోవట్లేదు. బుడగల వల్లేనా?

డాలస్_ట్యాంక్:
ఆగండి. గుల్లల అంచులు ఎలా ఉన్నాయి? విరిగి ఉన్నాయా?

కూకట్‌పల్లి_క్యూబ్:
ఒకదానికి మూతి దగ్గర చిన్న చిన్న పెచ్చులు ఊడిపోయి ఉన్నాయి. మిగతావి మామూలుగానే ఉన్నాయి.

డాలస్_ట్యాంక్:
రాళ్ళు ఎక్కడివి?

కూకట్‌పల్లి_క్యూబ్:
ట్యాంకు తీసేస్తున్న ఒక ఆయన దగ్గర పాతవి తీసుకున్నాను, తడి ఆరకుండా తెచ్చి అలాగే పెట్టేశాను.

డాలస్_ట్యాంక్:
అయితే మీ ట్యాంకులో ఇప్పటికే ఒక పీత ఉన్నట్టుంది. లైట్లు ఆరిన రెండు గంటల తర్వాత టార్చికి ఎర్ర సెలోఫేన్ కాగితం చుట్టి చూడండి, ఎర్ర వెలుగుకి పారిపోవు. ఒళ్ళంతా బొచ్చు, గోధుమ రంగు, డెక్కల కొసలు నల్లగా ఉంటే గొరిల్లా పీత అని మేం పిలిచే రకం. దాన్ని తీయకుండా కొత్తది ఏది వేసినా దండగే.

పట్టడానికి గాజు గ్లాసు చాలు. పొడుగాటి నున్నటి గ్లాసు, అడుగున రొయ్య ముక్క ఒకటి చిన్న రాయి కింద నొక్కిపెట్టి, దాని కన్నం ఎక్కడుందో అక్కడ రాయికి ఏటవాలుగా ఆనించండి. వాసనకి రాయి మీద నుంచి గ్లాసులోకి దిగుతుంది, నున్నటి గాజు మీద పట్టు దొరక్క పైకి ఎక్కలేదు. ఒక్క రాత్రిలో పడకపోయినా వదిలేయకండి, నాకు నాలుగు రాత్రులు పట్టింది.

మీ రాళ్ళ మీద పోసిల్లోపోరా, ఆక్రోపోరా లాంటి కొమ్మల కోరల్ ఉండి దాని మధ్యలో నున్నటి చిన్న పీత కనపడితే మాత్రం దాన్ని కదపకండి. అది ట్రపీజియానో టెట్రాలియానో అయ్యుంటుంది, ఆ కోరల్‌ని కాపలా కాసేది. సముద్రంలో పగడాలు తినే ముళ్ళ కిరీటం నక్షత్రచేప మీదికొస్తే ఇవే డెక్కలతో గిల్లి తరిమేస్తాయి.

నీలిపెట్టె:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, ఒక్క మాట. ఏ పీత వేసినా ట్యాంకులో రాగి మందు పడకూడదు. చేపలకి తెల్లమచ్చలొచ్చాయని ఒక షాపులో ఇచ్చిన మందు నేరుగా రీఫ్‌లో పోశాను, అందులో రాగి ఉందని నాకెవరూ చెప్పలేదు. రెండు రోజుల్లో హెర్మిట్లు, రొయ్యలు, నత్తలు అన్నీ పోయాయి. మందు వేయాలంటే చేపని వేరే తొట్టిలోకి మార్చి వేయండి. మీరు కొనే ట్యాంకు సెకండ్ హ్యాండ్ అయితే ఇంతకు ముందు రాగి వాడారా అని అడగండి.

పగడాల_పెరడు:
ఇది చాలా ముఖ్యం, చెప్పి మంచి పని చేశారు.

సిరిసిల్ల_సంద్రం:
హెర్మిట్ల గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. నా దగ్గర ఐదేళ్ళుగా ఉన్నాయి. చిన్న ట్యాంకుకి స్కార్లెట్ హెర్మిట్ అన్నిటికన్నా నెమ్మది. ఎర్రటి కాళ్ళు, పసుపు కళ్ళకాడలు, పేరు పాగురిస్టెస్ కాడెనాటి. నీలం కాళ్ళ హెర్మిట్ క్లిబనారియస్ ట్రైకలర్ చిన్నదే గానీ గుల్ల కోసం నత్తని చంపుతుంది. అది తిండి కోసం కాదు, ఇల్లు కోసం. పెరిగేకొద్దీ పెద్ద గుల్ల కావాలి, ఖాళీది లేకపోతే ఇంకోదాని ఇంట్లో చొరబడుతుంది. అందుకే ఒక్కో హెర్మిట్‌కి కనీసం మూడు ఖాళీ గుల్లలు, ఒక్కో సైజులో ఒకటి చొప్పున, ఇసుక మీద పెట్టి ఉంచండి. గుల్ల మారే ముందు అది చేసే హడావిడి చూడాలె. ముందు డెక్కతో మూతి అంతా తడిమి కొలుస్తది, లోపలున్న ఇసుక తోడి పోస్తది, అటూ ఇటూ దొర్లించి చూస్తది, ఇక నచ్చిందనుకుంటే ఒక్క క్షణంలో ఆ మెత్తటి వంకర పొట్టని బయటికి లాగి కొత్త దాంట్లోకి దూర్చుతది. నచ్చకపోతే మళ్ళీ పాతదాంట్లోకే. నేనొకసారి ఒకే సాయంత్రం ఏడుసార్లు మారడం చూసిన.

50 లీటర్లకి స్కార్లెట్లు రెండు, మహా అయితే మూడు. పది వద్దు.

ఇంకొకటి, ఒకరోజు ఇసుక మీద చచ్చిన హెర్మిట్ పడి ఉన్నట్టు కనపడుతుంది, కాళ్ళు, డెక్కలు, కళ్ళు అన్నీ ఉంటాయి. చాలామంది ఏడ్చినంత పని చేసి తీసి పడేస్తారు. పాము కుబుసం విడిచినట్టు అది డొప్ప విడిచింది. తీసి చూస్తే తేలికగా బోలుగా ఉంటుంది, కళ్ళ దగ్గర పారదర్శకంగా ఉంటుంది. నిజంగా చచ్చినదైతే ముక్కు దగ్గర పెట్టుకోలేం, అంత కంపు. డొప్ప అయితే ట్యాంకులోనే వదిలేయండి, అందులో కాల్షియం ఉంటుంది, అదే మళ్ళీ కొరుక్కు తింటుంది. కొత్త డొప్ప గట్టిపడేదాకా రెండు మూడు రోజులు బయటికి రాదు, రాళ్ళు కదిపి వెతకొద్దు.

కూకట్‌పల్లి_క్యూబ్:
దొరికింది! మూడో రాత్రి గ్లాసులో పడింది. ఉసిరికాయంత ఉంది, ఒళ్ళంతా బొచ్చు, డెక్కల కొసలు బొగ్గులా నల్లగా ఉన్నాయి. తొమ్మిది నెలలుగా మా హాల్లోనే ఉంది, నేను ఒక్కసారి కూడా చూడలేదు. చంపబుద్ధి కాలేదు, పక్కన పది లీటర్ల తొట్టిలో ఒక రాయీ హీటరూ పెట్టి అందులో ఉంచాను, వారానికి రెండుసార్లు రొయ్య ముక్క వేస్తున్నాను.

ఉప్పునీళ్ళు:
చాలా మంచి పని చేశారు బ్రో. దాని తప్పేముంది, దాని తిండి అది తింది. ఇక బుడగల సంగతి. మీ ట్యాంకు పరిమాణానికి ఎమరాల్డ్ అవసరం లేదు, చేత్తోనే తీయొచ్చు. బుడగ ఒక్కొక్కటీ ఒకే ఒక కణం, అంత పెద్దగా పెరిగిన ఒంటికణం. ట్యాంకులోనే పగలగొడితే లోపలి రసంతో పిల్ల కణాలు నీళ్ళలో కలుస్తాయని ఒకరు, ఏమీ కాదని ఇంకొకరు వాదిస్తారు. నేనైతే ఆ రిస్క్ తీసుకోను, రాయిని బయట బకెట్లో పెట్టి, స్క్రూడ్రైవర్ మొనతో బుడగ అడుగు నుంచి లేపి, ట్యాంకు నీళ్ళతోనే కడిగి పెడతాను. జోవాస్ మధ్యలో ఉన్నవాటిని సన్నటి గొట్టంతో సైఫన్ చేస్తూ తీయండి. నెలలో నాలుగు ఆదివారాలు చేస్తే అదుపులోకి వస్తుంది. జోవాస్‌తో జాగ్రత్త, వాటిలో కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది, చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు లేకుండా ముట్టుకోవద్దు, పాపని దగ్గరికి రానివ్వద్దు.

కూకట్‌పల్లి_క్యూబ్:
అలాగే చేస్తాను. మరి పామ్ పామ్ సంగతి? పాప రోజూ అడుగుతోంది.

పగడాల_పెరడు:
పాప కోరిక తప్పేమీ కాదండీ, మీ ట్యాంకులో అది పెట్టొచ్చు. లిబియా టెసెలాటా, ఒళ్ళు అంగుళం కూడా ఉండదు. రెండు డెక్కల్లో రెండు చిన్న అనిమోన్‌లు పట్టుకుని ఊపుతుంది, ఎవరైనా దగ్గరికొస్తే వాటినే ముందుకు చాపుతుంది. ఆ డెక్కలు అనిమోన్‌ని పట్టుకోడానికే తప్ప ఎవర్నీ కోయలేవు, కాబట్టి కోరల్స్‌కి, చేపలకి ఏ ప్రమాదమూ లేదు. అనిమోన్‌కి అంటుకున్న తిండిని తీసుకుని తింటుంది. 2017లో ఇజ్రాయెల్ పరిశోధకులు ఎర్రసముద్రపు లిబియా లెప్టోకెలిస్ మీద ఒక పేపర్ వేశారు, ఒక అనిమోన్ తీసేస్తే మిగిలినదాన్ని పీత తనే రెండుగా చీల్చి చెరో చేత పట్టుకుంటుందట, లేకపోతే ఇంకో పీత దగ్గర నుంచి లాక్కుంటుందట. ఇది చదివాక నాకు దాని మీద ప్రేమ ఇంకా పెరిగింది.

కొనేటప్పుడు రెండు డెక్కల్లోనూ అనిమోన్ ఉందో లేదో చూడండి. ఒక్క ఇబ్బంది, ఇది సిగ్గరి, పగలు కనపడదు. పాపకి ముందే చెప్పండి, రాత్రి ఎర్ర టార్చితో కలిసి చూడాలని. గొరిల్లా ఉన్నప్పుడు వేసి ఉంటే అదే రాత్రి పోయేది.

భీమిలి_గాలి:
ఏది వేసినా కవర్లో నుంచి నేరుగా వదలకండి. చిన్న గిన్నెలోకి మార్చి, ఆక్సిజన్ పైపుకి ముడి వేసి, చుక్కచుక్కగా మీ నీళ్ళు గంట సేపు పడనివ్వండి. పీతలు ఉప్పు తేడాని చేపలంత కూడా తట్టుకోవు. ఎండాకాలంలో ఫ్యాన్ పెడితే నీళ్ళు ఆవిరై ఉప్పు పెరుగుతుంది, రోజూ ఆర్వో నీళ్ళతో గీత దాకా నింపండి, ఉప్పునీళ్ళతో కాదు.

సిరిసిల్ల_సంద్రం:
కరెంటు పోయినప్పుడు వేవ్‌మేకర్‌కి చిన్న బ్యాటరీ కూడా పెట్టుకోండి.

కూకట్‌పల్లి_క్యూబ్:
ఐదు వారాల తర్వాత అప్‌డేట్. నాలుగు ఆదివారాలూ కూర్చున్నాను. బుడగలు వెనక రాయి కింద అంచున మాత్రమే నాలుగైదు మిగిలాయి, జోవాస్ రెండు పక్కలా తెరుచుకున్నాయి, మిగిలిన టర్బో నత్త బానే ఉంది. ఎమరాల్డ్ తేలేదు. స్కార్లెట్ హెర్మిట్లు రెండు, పోర్సిలిన్ పీత ఒకటి తెచ్చాను. పోర్సిలిన్ మొదటి మూడు రోజులు కనపడలేదు, నాలుగో రోజు సాయంత్రం లెదర్ పక్కన రాతి అంచు మీద కూర్చుని ఉంది. ఆర్టీమియా వేశాను, విసనకర్రలు బయటికి తీసింది. పాప ముక్కు అద్దానికి ఆనించి, నాన్నా అది చేతులతో గాలిని తింటోంది అంది. పామ్ పామ్ పుట్టినరోజుకి అని ఒప్పుకుంది.

పొద్దున ఇసుక మీద ఎర్రటి డొప్ప ఒకటి కనపడితే మా ఆవిడ కంగారుపడి కేకేసింది. ముక్కు దగ్గర పెట్టి చూశాను, వాసన లేదు. మళ్ళీ లోపలే పెట్టేశాను.

సిరిసిల్ల_సంద్రం:
మంచిగ చేసినవ్ అన్నా. ఖాళీ గుల్లలు ఎన్ని పెట్టినవ్?

కూకట్‌పల్లి_క్యూబ్:
ఏడు. పోయిన టర్బో నత్తల గుల్లలు మూడు కూడా అందులోనే ఉన్నాయి. నిన్న రాత్రి ఒక హెర్మిట్ పెచ్చులూడిన గుల్లని చాలాసేపు తడిమి చూసి వదిలేసి, దాని పక్కదాంట్లోకి మారింది.